న్యూట్రినో ద్రవ్యరాశి ఎందుకంత తక్కువ? సీ-సా నిజంగా జవాబేనా?

కిటికీసీటు

నమస్కారం. ఎంఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సెమినారుకు న్యూట్రినో ద్రవ్యరాశి తీసుకున్నాను. ఎక్కడ చదివినా ఒకటే వరస: ప్రామాణిక నమూనాలో (ఇప్పటిదాకా తెలిసిన మౌలిక కణాల సిద్ధాంతంలో) న్యూట్రినోకు ద్రవ్యరాశి సున్నా; 1998లో జపాన్‌లోని సూపర్ కామియోకాండే డిటెక్టర్ డోలనాలను, అంటే న్యూట్రినో ఒక రకం నుంచి మరో రకానికి మారడాన్ని, పట్టుకుంది; కాబట్టి ద్రవ్యరాశి ఉంది; అది మరీ తక్కువ, ఎందుకంటే సీ-సా, అంటే ఒక జోడీ కణం ఎంత బరువెక్కితే న్యూట్రినో అంత తేలికవుతుందన్న ఊహ. అక్కడితో అధ్యాయం పూర్తి.

నాకు మింగుడుపడనిది ఆ చివరి మెట్టు. టాప్ క్వార్క్ ముందు ఎలక్ట్రాన్ కూడా మూడు లక్షల రెట్లకు పైగా తేలిక. దానికోసం ఎవరూ సీ-సా కట్టలేదే? యుకావా కప్లింగ్ (కణాలకు ద్రవ్యరాశి ఇచ్చే హిగ్స్ క్షేత్రంతో కణం ఎంత గట్టిగా ముడిపడిందో చెప్పే సంఖ్య) చిన్నదని చెప్పి ఊరుకున్నాం. న్యూట్రినో దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏ యంత్రమూ పుట్టించలేని 10¹⁴ జీఈవీ (ఈవీ అంటే ఎలక్ట్రాన్ వోల్టు; కేఈవీ వెయ్యి ఈవీలు, ఎంఈవీ పది లక్షలు, జీఈవీ వంద కోట్లు) కణాన్ని పిలుచుకొస్తున్నాం. ఒక చిన్న సంఖ్యకు కారణం తెలియక ఒక పెద్ద సంఖ్యను ఊహించుకుంటే మనకు ఒరిగిందేమిటి? సెమినారులో ఎవరైనా ఇదే అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు.

ఎడమచేయి

మంచి ప్రశ్న. ముందు అంకెలన్నీ ఒకచోట పెట్టుకుందాం. లేకపోతే "తక్కువ" అన్న మాటకు అర్థం ఉండదు.

మౌలిక పదార్థ కణాలు మూడు తరాలుగా వస్తాయి. ఒక్కో తరాన్ని విడిగా చూడండి. మొదటి తరంలో అప్ క్వార్క్ సుమారు 2.2 ఎంఈవీ, డౌన్ 4.7, ఎలక్ట్రాన్ 0.511. మూడింటి మధ్య తేడా పది రెట్ల లోపే. మూడో తరంలో టౌ 1.78 జీఈవీ, బాటమ్ 4.2, టాప్ 173. ఇక్కడా వంద రెట్ల లోపే. ఇప్పుడు న్యూట్రినో. దాని ద్రవ్యరాశి 0.45 ఈవీకి మించదని జర్మనీలోని కాట్రిన్ ప్రయోగం 2025లో ప్రకటించింది. అంటే ఎలక్ట్రాన్ కంటే కనీసం పది లక్షల రెట్లు తేలిక, అదీ పైహద్దు దగ్గర ఉందనుకుంటే.

ఎలక్ట్రాన్ నుంచి టాప్ దాకా తొమ్మిది కణాలు చెదురుమదురుగా ఉన్నాయి. వాటి మధ్య పెద్ద ఖాళీ లేదు. ఎలక్ట్రాన్ కింద మాత్రం ఆరు సున్నాల మేర ఒక్క కణమూ లేదు. ఆ కింద ఎక్కడో న్యూట్రినోలు మూడూ ఉన్నాయి. ఈ పన్నెండింటిలో విద్యుదావేశం లేనివి కూడా సరిగ్గా ఆ మూడే. ఇది కాకతాళీయమని నేను నమ్మలేను. ఎలక్ట్రాన్ ఎందుకు తేలిక అన్నది ఒక ప్రశ్న. న్యూట్రినోలు మూడూ కట్టగట్టుకుని మిగతావాటికి దూరంగా ఎందుకున్నాయన్నది ఇంకో ప్రశ్న. సీ-సా తలకెత్తుకున్నది రెండో దాన్నే.

బఠాణీ

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. డోలనాలు ద్రవ్యరాశుల మధ్య తేడాలనే చెబుతాయి కదా, అసలు ద్రవ్యరాశిని కాదు. మరి అందరూ 0.05 ఈవీ అంటుంటారు, ఆ అంకె ఎక్కడిది?

రెండోషిఫ్టు

ఇంకొంచెం కచ్చితంగా చెప్పాలంటే, డోలనాలు ఇచ్చేది ద్రవ్యరాశుల వర్గాల మధ్య తేడా. అలాంటివి రెండున్నాయి. వాతావరణ న్యూట్రినోల (విశ్వకిరణాలు గాలిని తాకినప్పుడు పుట్టేవాటి) నుంచి వచ్చేది సుమారు 2.5×10⁻³ ఈవీ వర్గం, సూర్యుడి న్యూట్రినోల నుంచి వచ్చేది సుమారు 7.5×10⁻⁵. అన్నిటికంటే తేలికైన న్యూట్రినో ద్రవ్యరాశి సున్నాయే అనుకున్నా, మొదటి తేడా నిలబడాలంటే ఒకటైనా దాని వర్గమూలమంత ఉండాలి. ఆ వర్గమూలమే 0.05. అంటే అది కింది హద్దు, కాట్రిన్‌ది పైహద్దు. నిజమైన విలువ ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంది.

కాట్రిన్ గురించి ఒక మాట. రేడియోధార్మిక హైడ్రోజన్ అయిన ట్రిటియం క్షయమైనప్పుడు ఎలక్ట్రాన్‌కు అత్యధికంగా సుమారు 18.6 కేఈవీ శక్తి దక్కుతుంది. న్యూట్రినోకు ద్రవ్యరాశి ఉంటే ఆ వాటా తీసేసి మిగిలిందే ఎలక్ట్రాన్‌కు వస్తుంది, కాబట్టి వర్ణపటం కొసన ఆకారం పిసరంత మారుతుంది. ఆ పిసరంత మార్పు కోసం 23 మీటర్ల పొడవు, 10 మీటర్ల వ్యాసం ఉన్న శూన్యపు ట్యాంకు కట్టారు. తయారైన ఊరి నుంచి కార్ల్స్‌రూయెకు రోడ్డు మీద 400 కిలోమీటర్లే. కానీ అంత పెద్దది రోడ్డు మీద పట్టదు. 2006లో దాన్ని డాన్యూబ్ నది మీదుగా నల్ల సముద్రంలోకి దించి, మధ్యధరా చుట్టి, రైన్ నదిలో ఎదురెక్కించి, దాదాపు 9,000 కిలోమీటర్లు తిప్పి చేర్చారు. అంతటి ట్యాంకు పెట్టి కొలిచినా ఇంకా పైహద్దు దగ్గరే ఉన్నాం.

విశ్వశాస్త్రం వైపు నుంచి హద్దు ఇంకా బిగుసుకుంది. ప్లాంక్ ఉపగ్రహం 2018 ఫలితాలు, గెలాక్సీల విస్తరణ కొలతలు కలిపి చూస్తే మూడు న్యూట్రినోల ద్రవ్యరాశుల మొత్తం 0.12 ఈవీ లోపు. అమెరికాలోని డెసీ గెలాక్సీ సర్వే 2025 లెక్కలో 0.064 లోపు. అయితే విశ్వం గురించి మనం పెట్టుకున్న నమూనా సరైనదైతేనే ఆ హద్దు నిలుస్తుంది.

గణితంమేడం

సీ-సాను మాటల్లో విని వదిలేస్తే మంత్రంలాగే ఉంటుంది. లెక్క వేసి చూస్తే పదో తరగతి వర్గ సమీకరణమే.

ఎడమచేతి వాటం న్యూట్రినో ఒకటి, కుడిచేతి వాటంది ఒకటి తీసుకోండి. వాటం అంటే కణం భ్రమణానికీ దాని ప్రయాణ దిశకూ ఉన్న సంబంధం; ఇప్పటిదాకా కనిపించినవన్నీ ఎడమచేతివే, కుడిచేతిది సీ-సా కోసం ఊహించుకున్న ఆ భారీ కణం. వీటి ద్రవ్యరాశి పట్టిక రెండు అడ్డువరుసలు, రెండు నిలువువరుసల మాత్రిక. ఎడమ-ఎడమ గడిలో సున్నా, ఎందుకంటే బలహీన బలపు సౌష్ఠవం అక్కడ నేరుగా ద్రవ్యరాశి పెట్టనివ్వదు. ఎడమ-కుడి గడులు రెండింటిలో "డ" అనుకుందాం. ఇది హిగ్స్ క్షేత్రం ద్వారా వచ్చేది, ఎలక్ట్రాన్‌కు వచ్చినట్టే. కుడి-కుడి గడిలో "మ". ఇది కుడిచేతి న్యూట్రినో సొంత ద్రవ్యరాశి, హిగ్స్‌తో దీనికి పనిలేదు.

కర్ణం మొత్తం మ, నిర్ధారకం −డ². అంటే రెండు ఐగెన్ విలువలను (చివరికి బయటపడే ద్రవ్యరాశులను) కూడితే మ, గుణిస్తే −డ². మ బాగా పెద్దదైతే ఒక విలువ దాదాపు మ అవుతుంది. లబ్ధం మారకూడదు కాబట్టి రెండోది దాదాపు డ²/మ అయితీరాలి. రుణగుర్తు గురించి కంగారుపడకండి, క్షేత్రాన్ని తిరిగి నిర్వచించుకుంటే పోతుంది. మ పెరిగేకొద్దీ రెండోది తగ్గుతుంది, పేరు అందుకే.

డ 100 జీఈవీ, మ 10¹⁵ జీఈవీ అనుకోండి. 10⁴ను 10¹⁵తో భాగిస్తే 10⁻¹¹ జీఈవీ, అంటే 0.01 ఈవీ. తిరగేసి కూడా చేయవచ్చు: డ 174 జీఈవీ, న్యూట్రినో 0.05 ఈవీ అయితే మ సుమారు 6×10¹⁴ జీఈవీ. మూడు బలాలూ ఒకటవుతాయని మహా ఏకీకరణ సిద్ధాంతాలు చెప్పే 10¹⁶కు ఇది మరీ దూరం కాదు. చాలామందిని ఆకట్టుకున్నది ఈ సామీప్యమే.

చరిత్ర కావాలంటే: మింకోవ్‌స్కీ 1977లో, యనగిడా 1979లో, గెల్‌మాన్, రామోన్, స్లాన్స్కీ ముగ్గురూ కలిసి అదే ఏడాది, ఒడిశాలో పుట్టిన రవీంద్ర మహాపాత్ర, సెన్యానోవిచ్ ఇద్దరూ 1980లో, ఇంచుమించు ఎవరికి వారే ఈ లెక్కకు చేరుకున్నారు.

అనుమానంపక్షి

లెక్క బాగుంది మేడం. కానీ కిటికీసీటు అడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. సీ-సా పక్షం వాళ్లు ఎప్పుడూ దాటవేసే విషయం ఒకటి నేను ముందు పెడతాను.

కుడిచేతి న్యూట్రినో ఉంది, మ సున్నా అనుకోండి. అప్పుడు న్యూట్రినోకు ద్రవ్యరాశి ఎలక్ట్రాన్‌కు వచ్చినట్టే వస్తుంది. యుకావా కప్లింగ్ 3×10⁻¹³ పెడితే సరి. "అంత చిన్న సంఖ్యా!" అని ముక్కున వేలేసుకోనక్కర్లేదు. ఒక సంఖ్యను సున్నా చేసినప్పుడు సిద్ధాంతంలో సౌష్ఠవం పెరిగేటట్లయితే అది చిన్నదిగా ఉండటంలో అసహజమేమీ లేదని డచ్ భౌతికశాస్త్రవేత్త టి హూఫ్ట్ ఎప్పుడో చెప్పారు. ఈ కప్లింగ్ సరిగ్గా ఆ కోవలోదే. క్వాంటమ్ సవరణలు ఎన్ని చేర్చినా అవి దానికి అనుపాతంలోనే ఉంటాయి. ఇవాళ చిన్నదైతే ఎప్పటికీ చిన్నదే. ఇక పేచీ ఎక్కడ?

ఎడమచేయి

ఆ సంఖ్యతో నాకు పేచీ లేదు. మీరు "మ సున్నా అనుకోండి" అని ఒక్క మాటలో తేల్చేశారు చూడండి, పేచీ అక్కడుంది.

కుడిచేతి న్యూట్రినోకు విద్యుదావేశం లేదు, రంగు ఆవేశం (క్వార్క్‌లను బంధించే బలానికి సంబంధించిన ఆవేశం) లేదు, బలహీన బలం కూడా దాన్ని ముట్టదు. ప్రామాణిక నమూనాలోని ఏ బలమూ దాన్ని గుర్తుపట్టదు. కాబట్టి దానికి సొంత ద్రవ్యరాశి ఉండకూడదని చెప్పే నియమం ఆ నమూనాలో ఒక్కటీ లేదు. నియమం అడ్డుకోని ప్రతి పదాన్నీ సమీకరణంలో రాయాలి, అది ఈ ఆటకున్న కట్టుబాటు. దాన్ని రాయనంటే మీరు కొత్త నియమం ఒకటి తేవాలి: లెప్టాన్ సంఖ్య (ఎలక్ట్రాన్, న్యూట్రినోల వంటి కణాల లెక్కలోంచి వాటి ప్రతికణాల లెక్క తీసేస్తే మిగిలేది) ఎన్నటికీ మారదని. ప్రామాణిక నమూనాలో లెప్టాన్ సంఖ్య మారకపోవడం ఎవరో పెట్టిన చట్టం కాదు. ఆ కణాలతో మామూలు పదాలు రాస్తే దాన్ని చెడగొట్టేది ఏదీ పుట్టదు, అంతే. కుడిచేతి న్యూట్రినోను లోపలికి రానిచ్చిన క్షణం నుంచి ఆ సౌకర్యం పోతుంది.

కిటికీసీటు గారూ, మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. సీ-సాలో పెద్ద సంఖ్యను కోరి తెచ్చుకోవడం లేదు. ఆ గడి ఎలాగూ ఖాళీగా ఉంది. దాంట్లో ఏ విలువ ఉండాలో హిగ్స్ చెప్పదు, కాబట్టి అది హిగ్స్ క్షేత్రపు స్థాయి అయిన 246 జీఈవీ దగ్గర ఆగాలన్న కారణమూ లేదు. ఎలక్ట్రాన్‌కు అసలు అలాంటి గడే లేదు.

ఇంకోటి. కుడిచేతి న్యూట్రినో ఊసే ఎత్తకుండా 1979లో వైన్‌బర్గ్ ఇదే మాట మరో దారిలో చెప్పారు. ప్రామాణిక నమూనాకు ఆవల ఏదో భారీ భౌతికశాస్త్రం ఉందనుకుందాం. దాని నీడ మన శక్తుల దగ్గర మొట్టమొదట ఏ రూపంలో పడుతుంది? ఆ భారీ స్కేలుతో ఒక్కసారి మాత్రమే భాగించే పదాలను ఏరితే మిగిలేది ఒకే ఒక్క రకం, అది న్యూట్రినోకు ద్రవ్యరాశి ఇచ్చేది. జరిగాక కథ అల్లడం కాదిది. సూపర్ కామియోకాండే ఫలితానికి 19 ఏళ్ల ముందటి మాట.

బఠాణీ

ఎలక్ట్రాన్‌కు ఆ గడి ఎందుకు లేదు?

గణితంమేడం

ఆ రకం ద్రవ్యరాశిని మయొరానా ద్రవ్యరాశి అంటారు, 1937 నాటి ఆలోచన. అది కణాన్ని దాని ప్రతికణంతో కలిపేస్తుంది. ఎలక్ట్రాన్‌ను పాజిట్రాన్‌తో కలిపితే ఆవేశం −1 నుంచి +1కి మారాలి. విద్యుదావేశ నిత్యత్వం ఒప్పుకోదు. క్వార్క్‌లకూ ఇదే అడ్డంకి. ఆవేశం లేని న్యూట్రినోకు ఆ అడ్డంకి లేదు. పైన ఎడమచేయి గారు చెప్పిన కాకతాళీయం గుట్టు ఇదే.

అనుమానంపక్షి

సరే, ఆ గడి ఖాళీగా ఉందని ఒప్పుకున్నాను. దాంట్లో 10¹⁴ పెడితే ఏమవుతుందో కూడా చెప్పాలి కదా.

అంత భారీ కణం హిగ్స్‌తో ముడిపడి ఉంటే హిగ్స్ ద్రవ్యరాశికి క్వాంటమ్ సవరణలు పంపుతుంది. హిగ్స్ ద్రవ్యరాశి వర్గంలో ఆ సవరణ మ ఘనంతో పెరుగుతుంది. విస్సానీ 1998లో వేసిన లెక్క ప్రకారం మ సుమారు 10⁷ జీఈవీ దాటితే హిగ్స్‌ను 125 జీఈవీ దగ్గర నిలబెట్టడానికి రెండు పెద్ద సంఖ్యలు ఒకదాన్నొకటి కొట్టివేసుకోవాలి. న్యూట్రినోకు చిన్న సంఖ్య ఎందుకని అడిగి, ఆ బాధ తీర్చుకోబోయి హిగ్స్‌కు అంతకంటే ఘోరమైన సర్దుబాటు తెచ్చిపెట్టాం. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం కాదా ఇది?

గణితంమేడం

10¹⁴ పెట్టాలని ఎవరూ పట్టుబట్టలేదు. మ తగ్గించండి, డ కూడా తగ్గుతుంది. మ 10⁷ జీఈవీ అయితే కావలసిన కప్లింగ్ సుమారు 10⁻⁴. మ 1,000 జీఈవీకే దిగినా 10⁻⁶ సరిపోతుంది, ఎలక్ట్రాన్ కప్లింగ్ 3×10⁻⁶ అని గుర్తుంచుకోండి. అంటే ఇప్పటికే మనం మోస్తున్న వింత కంటే పెద్ద వింతేమీ కాదు.

దీనివల్ల తేలేదేమిటంటే, సీ-సా మ విలువను ఊహించి చెప్పదు. డ²/మ అనే నిష్పత్తిని మాత్రమే చెబుతుంది. పుస్తకాల్లో 10¹⁴ అని అచ్చువేసి చూపిస్తే విద్యార్థులు అది సిద్ధాంతం చెప్పిందనుకుంటారు. డ టాప్ స్థాయిలో ఉంటుందని మనం పెట్టుకున్న ఊహ వల్ల వచ్చిన అంకె అది. నాకు ఈ అలవాటు మీద మొదటి నుంచీ కోపమే.

మ చిన్నదయ్యేకొద్దీ వెతకడానికి వీలవుతుంది. కొన్ని జీఈవీల బరువున్న అలాంటి కణాల కోసం సెర్న్‌లో షిప్ అనే ప్రయోగానికి 2024లో ఆమోదం వచ్చింది.

ఎడమచేయి

మేడం, మ తగ్గించడం ఉచితం కాదు. భారీ కుడిచేతి న్యూట్రినోలు తొలి విశ్వంలో క్షయమైనప్పుడు పదార్థం వైపు కాస్త మొగ్గు ఏర్పడి ఉంటుందని ఫుకుగీటా, యనగిడా 1986లో చెప్పారు కదా. మనమంతా ఉండటానికి కారణం ఆ మొగ్గే కావచ్చు. ఆ కథ దాని సాదా రూపంలో నడవాలంటే మ కనీసం 10⁹ జీఈవీ ఉండాలని డేవిడ్‌సన్, ఇబార్రా 2002లో చూపించారు. విస్సానీ హద్దు 10⁷. రెండూ కలవవు. రెండు భారీ న్యూట్రినోల ద్రవ్యరాశులు దాదాపు సమానమని పెట్టుకుంటే 10⁹ హద్దు సడలుతుంది, కానీ అవి అంత సమానంగా ఎందుకుండాలో మళ్లీ చెప్పాలి. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే చిక్కు ఇదే. సెమినార్లలో దీన్ని ఎవరూ ఎత్తరు.

బఠాణీ

సీ-సా కాకుండా వేరే దారులు లేవా?

రెండోషిఫ్టు

బోలెడు. 1980లో జీ మొదలుపెట్టిన బాటలో ద్రవ్యరాశి నేరుగా రాదు, క్వాంటమ్ లూపు (కణాలు క్షణకాలం పుట్టి మాయమయ్యే వలయం) ద్వారానే వస్తుంది. ప్రతి లూపుకూ 16π²తో భాగిస్తాం, అంటే సుమారు 160తో, కాబట్టి దానంతటదే తగ్గుతుంది. ఎర్నెస్ట్ మా 2006లో అదే లూపులో తిరిగే కణాన్ని కృష్ణపదార్థంగా కూడా వాడుకున్నారు. కుడిచేతి న్యూట్రినో స్థలానికి ఉండగల అదనపు దిశల్లోకి (ఎక్స్‌ట్రా డైమెన్షన్లలోకి) పలచబడి ఉందనీ, అందుకే హిగ్స్‌తో తక్కువగా కలుస్తుందనీ 1998లో ఇంకొందరు అన్నారు. ఈ చివరిదాంట్లో మయొరానా అక్కర్లేకుండానే చిన్న ద్రవ్యరాశి వస్తుంది. ఈ జాబితాకు అంతులేదు. డేటా తక్కువ, కాగితాలు ఎక్కువ.

బంగారుపేట

కొంచెం పక్కకు పోతున్నాను. 1998లో డోలనాలు చూపించిన వాతావరణ న్యూట్రినోలు తొలిసారి చిక్కింది మా పక్కనే, కోలార్ బంగారు గనుల్లో. 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా, డర్హమ్ బృందాలు రెండు కిలోమీటర్లకు పైగా లోతున డిటెక్టర్లు పెట్టాయి. అదే ఏడాది దక్షిణాఫ్రికా గనిలో రైన్స్ బృందానికీ దొరికాయి. ఈ రంగం గురించి మాట్లాడినప్పుడు ఈ సంగతి ఎవరూ తలవకపోతే నాకు మనసొప్పదు.

నిర్వాహకులు

బంగారుపేట గారూ, కోలార్ గనుల ప్రయోగాలకు వేరే చర్చ తెరిచాను. ఇక్కడ ద్రవ్యరాశి దగ్గరే ఉందాం.

కిటికీసీటు

అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు నా పట్టికలో ఖాళీ గడి కథ కేంద్రంలోకి వచ్చింది. మరి ఆ గడిలో సున్నా ఉందా లేదా అన్నది ప్రయోగంతో తేల్చవచ్చా?

రెండోషిఫ్టు

తేల్చడానికి ఉన్న దారుల్లో మెరుగైనది న్యూట్రినో రహిత ద్వంద్వ బీటా క్షయం. కొన్ని కేంద్రకాలు ఒకేసారి రెండు ఎలక్ట్రాన్లను, రెండు ప్రతిన్యూట్రినోలను వదులుతాయి. న్యూట్రినో తనకు తానే ప్రతికణమైతే, ఎప్పుడో ఒకసారి ఎలక్ట్రాన్లు మాత్రమే బయటికి రావాలి. అప్పుడు శక్తి మొత్తం వాటికే దక్కుతుంది కాబట్టి వర్ణపటం కొసన సన్నటి శిఖరం కనిపించాలి. జెర్మేనియం-76కు అది 2.039 ఎంఈవీ దగ్గర, జెనాన్-136కు 2.458 దగ్గర.

జపాన్‌లో కామ్‌లాండ్-జెన్ వాళ్లు 745 కిలోల జెనాన్‌ను ద్రవ సింటిలేటర్‌లో (కణం తాకితే వెలుగు చిమ్మే ద్రవంలో) కలిపి, పలుచటి నైలాన్ బెలూన్‌లో నింపి, భూగర్భంలో వేలాడదీశారు. ఆ శిఖరం రాలేదు. అర్ధాయువు 3.8×10²⁶ ఏళ్లకు మించే ఉండాలని 2024లో చెప్పారు. విశ్వం వయసు 1.4×10¹⁰ ఏళ్లు. ఇంత అరుదైన ఘటన కోసం చూసేటప్పుడు బెలూన్ గోడ మీద చేరిన పిసరంత యురేనియం, థోరియం మాలిన్యం కూడా శత్రువే.

అనుమానంపక్షి

కనిపిస్తే లెప్టాన్ సంఖ్య మారుతుందని తేలినట్టే. నేను కూడా నా పక్షం వదులుకుంటాను. న్యూట్రినో మయొరానా కణమే అవుతుందని షెక్టర్, వాల్యే 1982లో నిరూపించారు. అయితే ఆ క్షయాన్ని నడిపించింది వేరే కొత్త కణమైనా కావచ్చు. అప్పుడు ఆ వాదన నుంచి వచ్చే మయొరానా ద్రవ్యరాశి డోలనాలు చూపించిన దాని ముందు లెక్కలోకి రానంత చిన్నది. కనిపించకపోతే మాత్రం ఏమీ తేలదు. ద్రవ్యరాశుల వరుస మామూలుదైతే, అంటే దగ్గరి జంట కింద, ఒంటరిది పైన ఉంటే, పదాలు ఒకదాన్నొకటి కొట్టివేసుకుని మయొరానా న్యూట్రినో కూడా దాదాపు మౌనంగా ఉండగలదు. వరుస తలకిందులైనదని చైనాలోని జూనో ప్రయోగం తేల్చాక కూడా ఏమీ కనిపించకపోతే, అప్పుడు నా డిరాక్ న్యూట్రినోకు (తనకు తాను ప్రతికణం కాని న్యూట్రినోకు) మంచి రోజులు.

కిటికీసీటు

చివరి సందేహం. కుడిచేతి న్యూట్రినోలు ఎన్ని ఉండాలి? అన్ని పుస్తకాల్లోనూ మూడు వేస్తున్నారు.

గణితంమేడం

డేటా అడిగేది రెండే. ఒక్కో కుడిచేతి న్యూట్రినో ఒక్క ఎడమచేతి కలయికకే ద్రవ్యరాశి ఇవ్వగలదు. డోలనాల్లో సున్నా కాని తేడాలు రెండున్నాయి కాబట్టి కనీసం రెండు కావాలి. సరిగ్గా రెండే ఉంటే మూడో న్యూట్రినో ద్రవ్యరాశి కచ్చితంగా సున్నా, లూపు సవరణలు ఇచ్చే అతి సూక్ష్మమైన విలువను పక్కన పెడితే. మామూలు వరుసలో అప్పుడు మూడింటి మొత్తం సుమారు 0.06 ఈవీ, తలకిందుల వరుసలో సుమారు 0.10. పైన రెండోషిఫ్టు గారు చెప్పిన డెసీ హద్దు 0.064 పక్కన ఈ రెండు అంకెలనూ రాసి చూడండి. మూడు వేయడానికి కారణం ఎస్ఓ(10) అనే మహా ఏకీకరణ సిద్ధాంతం. అందులో ఒక తరంలోని పదిహేను కణాలకు పదహారోదిగా కుడిచేతి న్యూట్రినో తప్పనిసరిగా వస్తుంది, తరాలు మూడు కాబట్టి మూడు. ఏకీకరణను నమ్మకపోతే రెండింటితోనే సెమినారు నడిపించండి. మాత్రిక చిన్నదవుతుంది, బోర్డు మీద పూర్తిగా పడుతుంది.